గుండె లయ తెలుసుకోవడానికి పది రోజుల కూలి

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గుండె ఆపరేషన్‌కు కార్డు ఉంది. పేస్‌మేకర్ పెట్టించుకోవడానికీ కార్డు ఉంది. ఆ పేస్‌మేకర్ అవసరమో కాదో తేల్చే పరీక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం రైతు జేబు తడుముకోవాల్సి వస్తోంది. ఆ పరీక్ష పేరు హోల్టర్. ఊరిని బట్టి, ఆసుపత్రి హంగును బట్టి దీనికి ప్రైవేటులో రెండు వేల నుంచి ఐదు వేల దాకా తీసుకుంటున్నారు. ఒకే పట్టణంలో, ఒకే రోడ్డు మీద ఒక ఆసుపత్రిలో ఒక రేటు, ఎదురు ఆసుపత్రిలో ఇంకో రేటు. ఎందుకింత తేడా అని అడిగితే చెప్పే నాథుడు లేడు.

విత్తనం రేటు పెరిగితే రోడ్డెక్కుతాం. యూరియా కట్టకు పాతిక రూపాయలు ఎక్కువ తీసుకుంటే దుకాణం ముందు కూర్చుంటాం. ఆసుపత్రి బిల్లు దగ్గర మాత్రం నోరు మెదపం. ప్రాణం కదా అని అప్పు చేసి కట్టేసి వస్తాం. ఈ మౌనం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. అందుకే రైతు సంఘం పత్రికలో ఒక గుండె పరీక్ష గురించి రాయాల్సి వస్తోంది.

ఏమిటీ పరీక్ష?

పీహెచ్‌సీలోనో ఏరియా ఆసుపత్రిలోనో పడుకోబెట్టి తీసే ఈసీజీ గుండె కొట్టుకునే తీరును దాదాపు పది సెకన్ల పాటు నమోదు చేస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. ఆ రోజులో గుండె సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. లయ తప్పడం ఆ పది సెకన్లలోనే జరగాలని ఎక్కడా లేదు. తెల్లవారుజామున జరగొచ్చు, మిట్టమధ్యాహ్నం నాట్లలో ఉండగా జరగొచ్చు.

మన పొలం లైనులో కరెంటు వచ్చిపోతూ ఉంటుంది. లైన్‌మన్ వచ్చి చూసే సమయానికి మోటారు చక్కగా నడుస్తూ ఉంటుంది. ‘‘బాగానే ఉంది కదా’’ అని ఆయన వెళ్లిపోతాడు. ఆ రాత్రే మోటారు కాలిపోతుంది. పది సెకన్ల ఈసీజీతో వచ్చే చిక్కు ఇదే. కాగితం మీద అంతా బాగుంటుంది, మనిషికి మాత్రం కళ్లు తిరిగి పడిపోవడం ఆగదు.

హోల్టర్ ఆ లోటు తీరుస్తుంది. అరచేతిలో పట్టే చిన్న పెట్టె, ఛాతీకి అంటించే నాలుగైదు పట్టీలు, వాటికి తీగలు. 24 గంటలో 48 గంటలో ఒంటి మీద ఉంచుకుని మన పని మనం చేసుకోవచ్చు. మర్నాడు తీసేసి, అందులో నమోదైనదాన్ని కంప్యూటర్‌లో వేసి డాక్టరు చదువుతాడు. ఇదేమీ నిన్నమొన్న పుట్టిన అరుదైన యంత్రం కాదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్ అనే శాస్త్రవేత్త 1940లలోనే దీని మీద పని మొదలుపెట్టాడు. ఆయన తొలి యంత్రం 38 కిలోల బరువు, వీపున మోయాల్సి వచ్చేది. 1961లో ఆయన పరిశోధన అచ్చయింది. అరవై ఏళ్లు దాటిన పరిజ్ఞానానికి ఇంకా కొత్త సరుకు ధర చెల్లిస్తున్నాం.

ఎవరికి కావాలి?

అందరికీ అక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అవసరం లేనివాళ్లకు రాయడం కూడా దోపిడీలో భాగమే. ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు, గుండె దడదడ కొట్టుకుని కాసేపటికి సర్దుకునేవాళ్లు, గుండె వేగం మరీ తగ్గిపోయినవాళ్లు, కారణం తెలియని పక్షవాతం వచ్చినవాళ్లు — ఇలాంటివారికి డాక్టర్లు ఈ పరీక్ష అడుగుతారు.

వ్యవసాయంలో ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆఫీసులో కళ్లు తిరిగితే కుర్చీలో కూలబడతాం. బావి గట్టున తిరిగితే, ట్రాక్టరు మీద తిరిగితే, కరెంటు మోటారు దగ్గర తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎండలో చెమటతో ఒంట్లోని నీరూ లవణాలూ పోతే గుండె లయ మీద దెబ్బ పడుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందుల విషం ఒంట్లోకి ఎక్కినప్పుడు గుండె లయ చెడుతుందన్నది వైద్యశాస్త్రంలో నమోదైన విషయం. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాతంతో మొదలై గుండె కవాటాలను తినేసే రుమాటిక్ జబ్బు పేదల ఇళ్లలోనే ఎక్కువ. అది ముదిరితే గుండె లయ తప్పుతుంది, గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం వస్తుంది. ముందే కనిపెడితే మందులతో చాలావరకు ఆపవచ్చు.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? పొలంలో పడిపోయిన మనిషిని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తాం. నీరసం అని సెలైన్ ఎక్కిస్తాడు. రెండోసారి పడితే గ్యాస్ అంటాడు. మూడోసారి పట్నం తీసుకెళ్తే ఈసీజీ బాగుందంటారు, హోల్టర్ రాస్తారు. రేటు విని ‘‘పంట చేతికొచ్చాక చూద్దాం’’ అని తిరిగి వచ్చేవాళ్లు ఎందరో.

లెక్క వేద్దాం

పరీక్ష ధర మూడు వేలు అనుకుందాం. ఇది మధ్యరకం రేటు. ఉపాధి హామీ కూలి 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు. అంటే ఈ ఒక్క పరీక్ష పది రోజుల కూలి మింగేస్తుంది.

అక్కడితో అయిపోదు. హోల్టర్‌కు రెండుసార్లు తిరగాలి. మొదటి రోజు పెట్టెను అంటిస్తారు, రెండో రోజు తీస్తారు. పడిపోయే మనిషిని ఒంటరిగా పంపలేం, తోడు ఒకరు వెళ్లాలి. ఇద్దరికీ రెండు రోజుల బస్సు చార్జీలు మనిషికి రోజుకు 300 చొప్పున 1,200. డాక్టరు ఫీజు 600. తిండి, టీలు 500. ఇద్దరికీ రెండు రోజుల కూలి పోతుంది, అది 1,228. పరీక్షతో కలిపి మొత్తం 6,528 రూపాయలు.

ఇదే మొత్తాన్ని ధాన్యంలో చూద్దాం. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధర నిజంగా చేతికొచ్చిందనుకున్నా రెండు ముప్పావు క్వింటాళ్లు అమ్మాలి. 75 కిలోల బస్తా లెక్కన మూడున్నర బస్తాల పైమాటే. తేమ అని, తరుగు అని మిల్లరు కోసుకునేది ఇందులో కలపలేదు. ఎకో, రక్త పరీక్షలు, మందులు కూడా కలపలేదు.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో 91 శాతానికి పైగా వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. అంటే పరీక్షకు వెళ్లే మనిషి దాదాపు ఎప్పుడూ అప్పు మీద అప్పు చేసి వెళ్తున్నట్టే. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆరున్నర వేలు ఏడాది తిరిగేసరికి తొమ్మిది వేలకు చేరువవుతాయి. దేశం మొత్తం మీద చూసినా, 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం వైద్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే.

కార్డు ఎక్కడ ఆగిపోతోంది?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. కరువుకూ వలసలకూ పేరుపడ్డ జిల్లాలవి. పెద్ద జబ్బు వస్తే రైతు కుటుంబం అప్పుల ఊబిలో దిగకూడదన్నదే దాని వెనుక ఉన్న ఆలోచన. ఆ పథకం ఎందరికో ప్రాణం పోసింది, కాదనం. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి పది లక్షల దాకా పరిమితి పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా కుటుంబానికి ఏటా ఐదు లక్షలంటుంది.

లక్షలు పెరుగుతూ పోతున్నాయి. అయితే ఈ లక్షలన్నీ మంచం మీద పడుకున్న రోగికి. ఆసుపత్రిలో చేరితే పథకం కదులుతుంది. నడిచి వచ్చి, పరీక్ష చేయించుకుని, నడిచి వెళ్లేవాడికి ఆయుష్మాన్ భారత్ వర్తించదు. హోల్టర్ మొత్తం నడిచి వచ్చేవాడి పరీక్షే.

ఇక్కడ మన సభ్యుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆరోగ్యశ్రీ ట్రస్టు తన పథకం వివరణలో నగదు రహిత వైద్యం గురించి చెబుతూ, జాబితాలోని చికిత్స కోసం వచ్చి, చివరికి ఆ చికిత్స అవసరం పడని రోగులకు కూడా ఓపీలో పరిశీలన ఉచితమని రాసింది. పేస్‌మేకర్ జాబితాలో ఉన్న చికిత్స. అది అవసరమో కాదో చూడటానికి వచ్చిన కార్డుదారుడి దగ్గర పరీక్ష డబ్బు ఎందుకు తీసుకోవాలి? పేస్‌మేకర్ పడితే ఆసుపత్రికి ప్యాకేజీ డబ్బు వస్తుంది కాబట్టి రోగిని చేర్చుకుంటారు. పడకపోతే వాళ్లకు వచ్చేదేమీ లేదు, కాబట్టి ‘‘పరీక్షలకు కార్డు పనిచేయదు, కౌంటర్లో కట్టండి’’ అంటారు. రాసి ఉన్న నిబంధనకు, కౌంటర్ మాటకు మధ్య మన మూడు వేలు పోతున్నాయి. ఆరోగ్యమిత్ర కుర్చీ పదడుగుల దూరంలోనే ఉంటుంది. చాలాచోట్ల ఆయన్ను మనం అడగం, ఆయన మనకు చెప్పడు.

చనిపోతే ఐదు లక్షలు, బతకడానికి సున్నా

తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తారు. మంచి పథకమే, ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. మొదటి ఏడాది ఒక్కో రైతు పేర ప్రభుత్వం కట్టిన ప్రీమియం 2,271 రూపాయల 50 పైసలు. దాదాపు ఒక హోల్టర్ పరీక్ష ధర. రైతు చనిపోతాడేమోనని ప్రతి రైతు పేరా ఏటా ఆ డబ్బు కట్టగలిగిన ప్రభుత్వం, కళ్లు తిరిగి పడిపోతున్న కొద్దిమందికి పరీక్ష చేయించలేదా? శవం లేస్తే తప్ప ఖజానా తెరుచుకోదా?

కౌలు రైతు సంగతి మరీ ఘోరం. పట్టా పుస్తకం లేదు కాబట్టి అతనికి ఆ బీమా కూడా లేదు. పరీక్ష ఖర్చూ తనదే, చనిపోతే మిగిలే అప్పూ అతని ఇంటిదే.

రేటు కట్టడి కుదరదా?

ప్రైవేటు ఆసుపత్రుల రేట్లు ప్రభుత్వం ఎలా నిర్ణయిస్తుందని కొందరు అడుగుతారు. మనం పండించిన ధాన్యం రేటు ప్రభుత్వమే చెబుతోంది, చెరకు రేటు చెబుతోంది. అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?

కుదురుతుందనడానికి గుండె వైద్యంలోనే సాక్ష్యం ఉంది. 2017 ఫిబ్రవరి దాకా మందు పూత పూసిన స్టెంటును లక్ష దాటి అమ్మేవారు. జాతీయ ఔషధ ధరల సంస్థ దాని గరిష్ఠ ధరను 29,600 రూపాయలకు, మామూలు స్టెంటును 7,260 రూపాయలకు దించింది. అప్పుడు కూడా కొరత వస్తుందని, కంపెనీలు పారిపోతాయని గోల చేశారు. స్టెంట్లు వేయడం ఆగలేదు, గుండె ఆసుపత్రులు మూతపడలేదు. ఆ తగ్గింపు కూడా ఊరికే రాలేదు, కోర్టులో పోరాడితే వచ్చింది.

చట్టం కూడా ఉంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనల్లో తొమ్మిదోది చదవండి. ప్రతి ఆసుపత్రీ తన సేవల రేట్లను అందరికీ కనిపించే చోట స్థానిక భాషలో, ఇంగ్లీషులో రాసి పెట్టాలి. రాష్ట్రాలతో చర్చించి కేంద్రం నిర్ణయించిన పరిధిలోనే వసూలు చేయాలి. పన్నెండేళ్లు గడిచినా కేంద్రం ఆ పరిధిని నిర్ణయించలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయం మీద కేంద్రాన్ని నిలదీసింది. పరిష్కారం చూపకపోతే కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం రేట్లను తాత్కాలికంగా అమలు చేసే సంగతి ఆలోచిస్తామని హెచ్చరించింది. ఆ పథకంలో హోల్టర్‌తో సహా ప్రతి పరీక్షకూ రేటు కట్టి ఉంది. ఢిల్లీలో ఉద్యోగికి కుదిరిన రేటు నల్లగొండలో, నంద్యాలలో రైతుకు ఎందుకు కుదరదు?

తెలంగాణ ఈ కేంద్ర చట్టం పరిధిలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నుంచి సొంత చట్టం ఉంది. చట్టం ఏదైనా, ఆసుపత్రి గోడ మీద హోల్టర్ ధర తెలుగులో రాసి ఉండగా చూసినవాళ్లు చెయ్యెత్తండి.

వాళ్ల వాదన, మన జవాబు

యంత్రం ఖరీదు, టెక్నీషియన్ జీతం, చదివే డాక్టరు సమయం — వీటికి డబ్బు కావాలంటారు. నిజమే, కావాలి. ఎవరూ ఉచితంగా పనిచేయమనడం లేదు. కానీ లెక్క చూపమంటున్నాం. ఆ పెట్టె ఒక మనిషికి వాడి పారేసేది కాదు. మనిషి మారినప్పుడల్లా మారేవి పట్టీలు, బ్యాటరీ మాత్రమే. నెలకు ఇరవై మందికి మూడు వేల చొప్పున పెడితే ఏడాదికి 7 లక్షల 20 వేలు వస్తాయి. అదే పెట్టె ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఖర్చు ఎంత, లాభం ఎంత అన్నది బయటపెడితే మాట్లాడుకోవచ్చు. ఎకరాకు పెట్టుబడి ఎంతో, రాబడి ఎంతో మనం ప్రతి కమిషన్ ముందూ చెబుతూనే ఉన్నాం కదా!

బిల్లులో ఇంకో వాటా కూడా ఉంటుంది. పంపినవాడికి కమిషన్. 2002 నాటి వైద్య నైతిక నియమావళి దీన్ని స్పష్టంగా నిషేధించింది. అయినా పల్లె నుంచి పట్నం దాకా ఇది నడుస్తోందని మన ఊళ్లలో తెలియనివారు లేరు. రోగిని పంపినందుకు ఇచ్చే ముడుపు రోగి బిల్లులోంచే వస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎందుకు పెట్టరు?

గుండె డాక్టరు ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉండడన్నది సాకు మాత్రమే. పెట్టె అంటించడానికి గుండె డాక్టరు అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. చదివే డాక్టరు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నా పని జరుగుతుంది.

ఇలాంటి ఏర్పాటు మనకు కొత్త కాదు. గుండెపోటు వచ్చినవారి ఈసీజీని కింది ఆసుపత్రిలో తీసి, పెద్దాసుపత్రి నిపుణుడికి చూపించి, వేల రూపాయల ఖరీదు చేసే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను అక్కడికక్కడే ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. తెలంగాణలో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద పల్లెలో తీసిన రక్తాన్ని హబ్‌లో పరీక్షించి ఫలితం ఫోన్‌కు పంపుతున్నారు. రక్తం సీసా ప్రయాణం చేయగలిగినప్పుడు, తీగల మీద పోయే హోల్టర్ రికార్డు ప్రయాణం చేయలేదా? అప్పుడు రైతుకు రెండు పట్నం ప్రయాణాలు తప్పుతాయి. పైన వేసిన లెక్కలో సగానికి పైగా ఇంటి దగ్గరే మిగులుతుంది.

సభ్యులు వెంటనే చేయాల్సినవి

హోల్టర్ రాసినప్పుడు ఎందుకు రాశారో డాక్టరును అడగండి. డబ్బు కట్టకముందే రేటు అడగండి. వేరే చోట చేయించుకునే హక్కు మీకుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన 17 రోగుల హక్కుల పత్రంలో ఇది కూడా ఉంది.

కార్డు ఉంటే కౌంటర్ కంటే ముందు ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి. ఓపీ పరిశీలన ఉచితమన్న నిబంధన చెప్పండి. కాదంటే కాగితం మీద రాసివ్వమనండి. 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

పెట్టె ఒంటి మీద ఉన్నప్పుడు మంచం మీద పడుకోకండి. డాక్టరు వద్దంటే తప్ప రోజూ చేసే పనులు చేయండి. దడ వచ్చిన సమయం, కళ్లు తిరిగిన సమయం చీటీ మీద రాసుకోండి. ఆ చీటీ లేకపోతే సగం పరీక్ష వృథా.

బిల్లు తప్పక తీసుకోండి. రిపోర్టు పూర్తిగా, గీతలు ఉన్న కాగితాలతో సహా అడిగి తీసుకోండి. ఇంకో ఆసుపత్రికి వెళ్తే మళ్లీ మొదటి నుంచి చేయించకుండా ఆ రిపోర్టు చూపించండి. బిల్లు నకలును గ్రామ శాఖ కార్యదర్శికి ఇవ్వండి.

మన డిమాండ్లు

ఒకటి: ప్రతి ఏరియా ఆసుపత్రిలో, జిల్లా ఆసుపత్రిలో హోల్టర్ పరీక్ష ఉచితంగా పెట్టాలి. రికార్డును బోధనాసుపత్రిలోని గుండె డాక్టర్లు చదివి, నిర్ణీత గడువులో ఫలితం పంపాలి.

రెండు: కార్డుదారులకు ఓపీ పరిశీలన ఉచితమన్న నిబంధనను ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఇప్పటిదాకా కార్డుదారుల దగ్గర వసూలు చేసింది తిరిగి ఇప్పించాలి.

మూడు: ప్రైవేటులో హోల్టర్, ఎకో వంటి గుండె పరీక్షలకు గరిష్ఠ ధర నిర్ణయించాలి. ధరల పట్టిక పెట్టని ఆసుపత్రుల మీద చర్య తీసుకోవాలి.

నాలుగు: కౌలు రైతులకు, వ్యవసాయ కూలీలకు పట్టాతో పనిలేకుండా ఈ సదుపాయాలన్నీ వర్తింపజేయాలి.

మండల కమిటీలు తమ పరిధిలోని బిల్లులు పోగుచేసి, తెలంగాణలో ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు సోమవారం నాడు పట్టుకెళ్లాలి. ఒక్కడు వెళ్లి అడిగితే అర్జీ తీసుకుని పంపేస్తారు. ఒకే పరీక్షకు పది ఆసుపత్రుల పది రేట్ల బిల్లులు పక్కపక్కన పెట్టి యాభై మంది అడిగితే కలెక్టరు జవాబు చెప్పి తీరాలి. గిట్టుబాటు ధర అడిగే నోటితోనే ఆసుపత్రి బిల్లు లెక్క కూడా అడుగుదాం. పంట మీద మిగిలే నాలుగు బస్తాలు పరీక్ష కౌంటర్లో పోతుంటే, మద్దతు ధర ఎంత పెంచుకున్నా ఇంటికి చేరేదేమీ ఉండదు.